కరణం, ప్యాచ్, ఒక మెష్ తలుపు

"సర్దుకుంటాయిలే" అన్న మాటంటే నాకీమధ్య ఒళ్ళు మంట. ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో రెండు పిల్లుల గురించి చెప్పాలి. పిల్లుల గోల మాకెందుకు అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఇంట్లో ఒక పిల్లి ఉండి రెండోదాన్ని తేబోతున్నవాళ్ళు మాత్రం కాస్త ఓపిక చేసుకుని చదవండి. నాకు పడిన ఇంజెక్షన్లలో కొన్నైనా మీకు తప్పుతాయి.

ముందు పాత్రల పరిచయం.

ప్యాచ్ మా అమ్మాయి పిల్లి. 2019 వర్షాకాలంలో మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరిదో కారు కింద వణుకుతూ దొరికింది. తెల్లటి ఒళ్ళు, ఎడమ కన్ను చుట్టూ నల్ల మచ్చ. పేరు నేనే పెట్టాను, ఏ బుర్రలోంచి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. మగది, ఆపరేషన్ అయిపోయింది. మూడో అంతస్తులోనే పెరిగింది కాబట్టి మట్టి అంటే ఏంటో తెలీదు. బాల్కనీలో పావురాన్ని చూసి అదే లోపలికి పారిపోయే రకం.

కరణం మా అమ్మ పిల్లి. తెనాలి దగ్గర మా ఊళ్ళో 2017లో వడ్లబస్తాల గదిలో పుట్టింది. చారల పిల్లి, ఆడది. ఆ పేరు మా నాన్న పెట్టారు. పొద్దున్నే ప్రతి ఇంటి గోడా ఎక్కి, ఎవరింట్లో ఏం వండుతున్నారో, ఎవరి పాలు మూత లేకుండా ఉన్నాయో లెక్క చూసుకుని గానీ ఇంటికి రాదు. "ఊళ్ళో కరణాలు 1984లో పోయారురా, మనింట్లో మాత్రం మళ్ళీ వచ్చారు" అని అందరికీ చెప్పి నవ్వేవారు.

నాన్న 2022లో పోయారు. అమ్మ ఏడాదిపాటు ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఒక్కతే అంటే కరణంతో కలిసి. ఆవిడకి బీపీ ఉంది, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి చెయ్యాలి. ఒకరోజు రాత్రి బాత్రూంలో జారిపడి, తెల్లారి పాలబ్బాయి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఎముకలేం విరగలేదు గానీ, ఆ ఫోన్ కాల్ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. హైదరాబాద్ రమ్మంటే "మరి కరణం?" అంది. సరే దాన్నీ తెచ్చేద్దాం అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

2023 జూన్‌లో ఒక శనివారం బయల్దేరాం. బెజవాడ దాటి, నందిగామ దాటి, కోదాడ దాకా బుట్టలోంచి ఒకటే అరుపు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు నోరు మూసుకుంది. అలిసిపోయింది పాపం అనుకున్నాను. ఆ మౌనం భయం వల్లని ఇప్పుడైతే తెలుసు.

ఇంటికి రాగానే నేను చేసిన ఘనకార్యం: బుట్ట తెచ్చి హాలు మధ్యలో పెట్టి మూత తీశాను. సోఫా మీద ప్యాచ్ ఉంది. "చూసుకోనీ, అవే సర్దుకుంటాయిలే" అన్నాను. టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టినవాడు ఎవరైనా మీ టీంలో ఉంటే అతన్ని ఎన్ని తిట్టి ఉంటారో గుర్తు చేసుకోండి. ఇరవై ఏళ్ళుగా నేనూ తిడుతున్నాను.

మూడు సెకన్లు రెండూ కదల్లేదు. నాలుగో సెకనులో ఏది ఏదో తెలియని ఒక బంతి హాలంతా దొర్లింది. నేను విడదీద్దామని చెయ్యి పెట్టాను. పిల్లుల గొడవలో చెయ్యి పెట్టకూడదు. దుప్పటో, దిండో, అట్టముక్కో మధ్యలోకి తొయ్యాలి, లేదా పెద్దగా చప్పుడు చెయ్యాలి. నాకా సంగతి తెలీక మణికట్టు దగ్గర రెండు పళ్ళు బాగా లోతుగా దిగాయి. ఏ పిల్లివో ఇప్పటికీ తేలలేదు. పావుగంటసేపు సబ్బుతో, పారే నీళ్ళ కింద కడుక్కుని ఆస్పత్రికి వెళ్తే, రేబీస్ టీకా అయిదు డోసులు: ఆరోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకి. పిల్లి పన్ను సన్నం కాబట్టి గాయం చిన్నగా కనబడుతుంది గానీ లోపల చీము పట్టేది ఎక్కువగా అలాంటివేనట. యాంటీబయాటిక్స్ కూడా రాశారు.

తర్వాత ఒక నెలపాటు ఇంట్లో ప్రచ్ఛన్నయుద్ధం. కొట్టుకోవడం తగ్గింది కాబట్టి అంతా బాగానే ఉంది అనుకున్నాను. అది నా రెండో తప్పు. కరణం చేసే పని ఒక్కటే... బాల్కనీకి వెళ్ళే సందులో, సరిగ్గా దారి మధ్యలో కూర్చోవడం. కొట్టదు, అరవదు, చూస్తుంది అంతే. ప్యాచ్ లిట్టర్ పెట్టె ఆ బాల్కనీలో ఉంది. వెళ్ళలేక ఒకరోజు మా మంచం మీద పోసింది. మా ఆవిడ పరుపు ఎండబెట్టి, నన్ను కూడా ఎండబెట్టింది. "రౌడీలాగా అడ్డంగా కూర్చుంది మీ అమ్మగారి పిల్లి" అని మా అమ్మాయి. "ఊరిపిల్లి కదమ్మా, దానికేం తెలుసు" అని అమ్మ, చిన్నగా.

జులై మూడో వారం. రాత్రి పదకొండున్నరకి నేను ఒక రిలీజ్ కాల్‌లో ఉన్నాను. ప్యాచ్ బాత్రూంలోకి వెళ్తోంది, కూర్చుంటోంది, ఏమీ రావట్లేదు, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. ఒక రకమైన కీచుగొంతుతో మూలుగుతోంది. మా అమ్మాయి వచ్చి చెప్పింది. మలబద్ధకం అయుంటుంది, పొద్దున్న చూద్దాం అన్నాను. మ్యూట్‌లో పెట్టి చెప్పాను. తెల్లవారి ఆరింటికి చూస్తే సోఫా కింద పక్కకి పడి ఉంది, ముట్టుకుంటే లేవట్లేదు.

మగపిల్లులు పెంచేవాళ్ళు ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకోండి, మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే మూత్రం లోపలే నిలిచి, మూత్రపిండాలు దెబ్బతిని, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఒకటి రెండు రోజులు చాలు. మాటిమాటికీ కూర్చుంటూ చుక్క రాకపోతే అది అర్ధరాత్రయినా సరే పొద్దున్న దాకా ఆగే పని కాదు. కారణాలు చాలా ఉంటాయి. నీళ్ళు తక్కువ తాగడం, ఒట్టి డ్రై ఫుడ్, ఒళ్ళు... వాటిలో మానసిక ఒత్తిడి కూడా పెద్దదే. డాక్టర్ అమ్మాయి క్యాథెటర్ వేసి, మూడు రోజులు సెలైన్ మీద ఉంచింది. "ఇంట్లో ఈమధ్య ఏమన్నా మారిందా సార్?" అని అడిగింది. నేను చెబుతుంటే రాసుకుంటూ, హాలు మధ్యలో బుట్ట మూత తీశానన్న చోట పెన్ను ఆపి నా వంక చూసింది.

ఆ మూడు రోజుల్లో మా అమ్మాయి నాన్నమ్మతో మాట్లాడలేదు. దెబ్బలాడలేదు, మాట్లాడలేదు అంతే. మూడో రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. బ్యాగులో సగం సర్దేసింది.

"నేనూ కరణం ఊరెళ్ళిపోతాంరా. పసిదాని మనసు కష్టపెట్టి నేనిక్కడ ఉండలేను. అక్కడైతే మా ఇద్దరికీ అలవాటే."

అలవాటే అన్నప్పుడు నాకు ఆ బాత్రూం గుర్తొచ్చింది. "రెండు నెలలు టైమివ్వమ్మా" అన్నాను. దేనికో నాకూ తెలీదు. రిలీజ్ డేట్ అడిగితే మేనేజర్లు చెప్పే సమాధానమది.

ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ సిగ్గేసింది. ఇంటిపిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లులు. ఒంటరిగా వేటాడే జాతి. సైప్రస్‌లో మనిషి సమాధి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం బయటపడింది, దాని వయసు సుమారు 9,500 ఏళ్ళు. అంటే మనిషితో అన్ని వేల ఏళ్ళ స్నేహం ఉంది గానీ, పరాయి పిల్లితో ఒకే కప్పు కింద ఉండమని దానికి ప్రకృతి ఎక్కడా చెప్పలేదు. కుక్కలు గొడవపడ్డాక రాజీకి వచ్చే పద్ధతులు వాటికున్నాయి. పిల్లి దగ్గర అవి చాలా తక్కువ. తప్పుకుపోవడమే దాని రాజీ. తప్పుకోవడానికి చోటు లేని త్రీ బెడ్‌రూం ఫ్లాట్‌లో రెంటినీ ఎదురెదురుగా పెట్టి "సర్దుకుంటాయిలే" అన్నది ఎవరు? ఇరవై ఏళ్ళ అనుభవం గల ఇంజనీరు.

పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. టీవీలో జాక్సన్ గెలాక్సీ లాంటివాళ్ళు ఎప్పట్నుంచో చెబుతున్నదే. మొదట రెండూ ఒకదానికొకటి కనబడకూడదు. వేరే గది, వేరే గిన్నె, వేరే లిట్టర్. తర్వాత వాసన పరిచయం. తర్వాత మూసిన తలుపుకి అటూ ఇటూ తిండి. తర్వాత చూపు, కానీ తాకే వీలు లేకుండా. చివరికి కలవడం, అదీ కాసేపే. ఒక మెట్టు మీద రెండూ నిశ్చింతగా ఉంటేనే తర్వాతి మెట్టు. ఎక్కడ బుస్సుమన్నా ఒక మెట్టు వెనక్కి.

ఇదంతా అమ్మకి చెబితే శ్రద్ధగా విని, "అంటే రామకృష్ణుడి పిల్లి కథ తిరగెయ్యడమేగా?" అంది.

నాకు ఒక నిమిషం పట్టింది. తెనాలి రామకృష్ణుడి పిల్లి! రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి మొదటిరోజే మరిగే పాలు పోశాడు, మూతి కాలింది, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పరుగు. ఒక్కసారి కాలితే చాలు, జన్మంతా గుర్తుంటుంది. నేను హాల్లో చేసింది సరిగ్గా ఆ మరిగే పాల పనే. ఇప్పుడు చెయ్యాల్సింది అవతలి పిల్లి వాసన తగిలినప్పుడల్లా నోటికి రుచిగా ఏదో ఒకటి తగలడం. ఇంగ్లీషులో నేను చదివిన నలభై పేజీలు తెనాలి మనిషి నోట్లో ఒక్క వాక్యం.

అప్పట్నుంచి ఆవిడే ప్రాజెక్ట్ లీడ్. నేను స్టేటస్ రాసేవాణ్ణి.

అమ్మ గదే కరణం గది అయింది. ప్యాచ్ ఆస్పత్రి నుంచి వచ్చేసరికే తలుపు మూసి ఉంది. అది మంచిదే అయింది, ఎందుకంటే ఆస్పత్రి వాసనతో వచ్చిన పిల్లిని అన్నాళ్ళూ కలిసి ఉన్న పిల్లి కూడా పరాయిదనుకుని మీద పడుతుందట. ఆగస్టులో కరణానికి రక్తపరీక్షలు చేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అన్నీ చేయించాం. అమ్మకి ఆపరేషన్ ఇష్టం లేదు. "ఆరేళ్ళు లేనిది ఇప్పుడెందుకు" అంది. డాక్టర్ అమ్మాయి చెప్పాక ఒప్పుకుంది, కొడుకు చెబితే కాదు.

అమ్మ పాత చీర ఒకటి చింపి ఒక ముక్క కరణం పక్కలో, ఒక ముక్క ప్యాచ్ పక్కలో వేసేది. రెండు రోజులకోసారి అటుది ఇటు, ఇటుది అటు. పిల్లి బుగ్గల దగ్గర వాసన గ్రంథులు ఉంటాయి, అక్కడ ఆ గుడ్డతో రుద్ది మరీ మార్చేది. మొదటిసారి ఆ గుడ్డ చూసి ప్యాచ్ బుస్సుమంది, గుడ్డమీదే! పదో రోజుకి దానిమీద పడుకుంది.

తిండి దగ్గర పెద్ద గొడవలే అయ్యాయి. కరణం పుట్టినప్పట్నుంచీ పాలన్నం, పెరుగన్నం. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవని, మాంసంలో దొరికే టారిన్ లేకపోతే కళ్ళూ గుండే పాడవుతాయని చెప్పాను. "మీ నాన్న పోసిన పాలు తాగే ఇంత అయింది" అని జవాబు. అయినా మర్నాటి నుంచి చేపముక్కలు ఉడకబెట్టి, ముల్లు తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఉప్పు లేదు, ఉల్లి, వెల్లుల్లి అసలు లేవు, అవి పిల్లికి విషం. మా శాకాహారి ఆవిడ వంటింట్లో చేపలకి ఒక స్టవ్వు ఎలా సంపాదించిందన్నది వేరే కథ. అది నేను ఇక్కడ రాస్తే నాకు అన్నం ఉండదు.

లిట్టర్ పెట్టెలు మూడు చేశాం. పిల్లులు ఎన్నో దానికి ఒకటి ఎక్కువ, అన్నీ ఒకేచోట కాదు, ఒకటి పహరా కాస్తే రెండోది ఇంకో దారిలో వెళ్ళగలగాలి. ఇసక బస్తా మీద ధర చూసి అమ్మ, "కృష్ణ ఒడ్డున పుట్టి ఇసక కొనుక్కుంటున్నార్రా" అని రెండు రోజులు నవ్వింది.

మూసిన తలుపుకి ఆరడుగుల దూరంలో గిన్నెలతో మొదలుపెట్టి, రోజుకి బెత్తెడు చొప్పున దగ్గరికి జరుపుతూ వచ్చాం. ప్యాచ్ ముద్ద వదిలేసి తలుపు వంక చూస్తే మర్నాడు గిన్నె ఒకడుగు వెనక్కి. నేనైతే రెండు రోజుల్లో తలుపు దగ్గరికి తోసేసి ఉందును. అమ్మకి తొందరే లేదు. ఒకరోజు నేను అసహనంగా ఉంటే మా ఆవిడ వంటింట్లోంచి అంది: "పిల్లికి రోజుకి బెత్తెడట! నేను మీ ఇంటికొచ్చినప్పుడు నాకెవరూ తలుపు కూడా వెయ్యలేదు. మొదటిరోజే ముప్పైమంది చుట్టాల మధ్య దింపేసి, సర్దుకుంటుందిలే అన్నారు."

అమ్మ విన్నది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక "నిజమేనమ్మాయ్" అంది. పద్దెనిమిదేళ్ళకి.

సెప్టెంబర్‌లో దోమల మెష్ తలుపులు చేసే అతన్ని పిలిచి అమ్మ గదికి ఒకటి పెట్టించాను. "పిల్లుల కోసం" అంటే వింతగా చూసి, అడుగు భాగానికి గట్టి స్టీలు మెష్ వేశాడు. దానికి అటూ ఇటూ గిన్నెలు. మొదట మెష్ మీద దుప్పటి, రోజూ కొంచెం పైకి మడత. రెండూ ఒకదాన్నొకటి చూస్తూ తిన్న మొదటి రోజు, చేప అయిపోయాక కూడా కరణం కదలకుండా చూస్తూనే ఉంది. అమ్మ మంచం మీద కూర్చుని దాని వంక చూసి నిదానంగా కళ్ళు మూసి తెరిచింది. అదీ కళ్ళు మూసి తెరిచింది. నేను ఉత్సాహంగా, 2020లో ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు దీనిమీదే పరిశోధన చేశారమ్మా, మనిషి అలా చేస్తే పిల్లి కూడా తిరిగి చేస్తుందని రుజువైంది, అన్నాను.

"మీ నాన్న దాంతో రోజూ మధ్యాహ్నం అలాగే మాట్లాడేవారు" అంది. "వాలుకుర్చీలో ఆయన, అరుగు మీద అది. నాతో మాట్లాడిందానికంటే ఎక్కువే."

అక్టోబర్‌లో మెష్ తీసి రోజుకి పది నిమిషాలు కలపడం. మా అమ్మాయి ఒక పిల్లి ముందు దారం ఆడిస్తే, అమ్మ ఇంకోదాని ముందు. నాన్నమ్మా మనవరాలూ మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టింది అక్కడే. "లాగు, లాగు, ఇటు రానీకు" అన్నవే మొదటి మాటలు. నేను అటక మీద సామాను సగం దింపేసి, బీరువా పక్కన రెండు చెక్కలు కొట్టి మెట్లలా చేశాను. ఎత్తు మీద చోటుంటే గొడవ సగం తగ్గుతుంది. చదరపు అడుగులు పెంచలేం గానీ గోడలు వాడుకోవచ్చు.

అయిపోయింది అనుకున్నాను. నవంబర్ 12, దీపావళి. ఎవరో కింద లక్ష్మీబాంబు పేల్చారు. రెండూ హాల్లోనే ఉన్నాయి. బెదిరిన ప్యాచ్, పక్కనే ఉన్న కరణం మీద పడింది. బాంబు మీద కోపం బాంబు మీద చూపించలేదు కదా. క్లయింట్ తిడితే మనం ఎవరిమీద చూపిస్తామో, అలాగే. ఈసారి నేను చెయ్యి పెట్టలేదు, సోఫా దిండు పెట్టాను.

మూడు నెలల పని పోయినట్టే అనిపించి తల పట్టుకుని కూర్చున్నాను. అమ్మ మాత్రం కరణాన్ని గదిలోకి తోలి, మెష్ వేసి, మీద దుప్పటి కప్పి, "రేపట్నుంచి మళ్ళీ ఆరడుగులు" అంది. అంతే. అయితే ఈసారి ఆ దూరమంతా పన్నెండు రోజుల్లో అయిపోయింది. అదీ నాకు తెలియని విషయమే: వెనక్కి వెళ్ళినా మొదటికి పోము.

ఇప్పుడు అవి స్నేహితులా అంటే, కాదు. ఒకదాన్నొకటి నాక్కుంటూ, కలిసి పడుకున్న ఫొటోలు మీరు చూసి ఉంటారు. మా ఇంట్లో అలాంటిది ఒక్కటి కూడా రాలేదు, నేను ఎదురుచూడటం మానేశాను. ఇల్లు పంచుకున్నాయి, అది చాలు. బాల్కనీ ఎండ పొద్దున ప్యాచ్‌ది, పదకొండు దాటాక కరణానిది. ఎవరు రాసుకున్నారో ఆ షెడ్యూలు, మా ఆఫీసు మీటింగు రూముల కంటే బాగా నడుస్తుంది. సందులో ఎదురుపడితే ఒకటి తల తిప్పుకుంటుంది, రెండోది గోడవారగా వెళ్ళిపోతుంది. ప్యాచ్‌కి మళ్ళీ ఆ రోగం రాలేదు. రోజూ లిట్టర్‌లో తడి గడ్డలు లెక్కపెట్టడం మాత్రం నా డ్యూటీ, అది మా అమ్మాయి పెట్టిన శిక్ష.

2024 సంక్రాంతికి అమ్మ ఊరెళ్ళి ఇల్లు చూసుకుని వస్తానంది. పది రోజులు. నేను బుట్ట తీసి దులుపుతుంటే, "అదెందుకు? దాన్ని మళ్ళీ కోదాడ దాకా ఏడిపించడం దేనికి? ఇక్కడే ఉంటుంది" అంది. మా అమ్మాయి చేతికి చీరముక్కలు ఇచ్చి ఏది ఏ పిల్లిదో చెప్పింది. బస్సెక్కాక ఫోన్ చేసి మళ్ళీ చెప్పింది.

ఆవిడ తిరిగొచ్చాక, ఇంక అవసరం లేదు కదా అని మెష్ తలుపు తీయించేద్దామా అని అడిగాను. ఏడు నెలల్లో మొదటిసారి ఆ తలుపు నాకు అడ్డంగా కనిపించింది, టీ కప్పుతో వెళ్తుంటే రెండుసార్లు తగిలింది కూడా. అమ్మ మంచం మీద కూర్చుని దిండుగలీబు కుడుతోంది. హాల్లో మా ఆవిడ ఫోన్‌లో వాళ్ళ చెల్లెలితో గట్టిగా నవ్వుతోంది.

"ఉండనీరా" అంది అమ్మ. "దోమలు రావు."